మలుపు దగ్గర గూడు

కోయ్‌వే,
12 ఏప్రిల్ 1993

మా ఎలియేసర్‌కి,

లామా ఉన్ని మేజోళ్ళు అందాయి. ఒకటి రెండోదానికన్నా జానెడు పొడుగుంది గాని వెచ్చగానే ఉన్నాయి. ఇక్కడ ఈసారి వానలు ముందే దిగాయి. కట్టెలు సరిగ్గా ఆరలేదు, పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా పొగ.

అసలు సంగతి చెప్తాను. పోయిన మంగళవారం మన బంగాళాదుంపల మడిలోకి పాల లారీ వచ్చింది. కంచె పడగొట్టి, బోర్లా పడి, పాలన్నీ మడిలో పారబోసింది. తోలినవాడు నోల్బెర్తో వీడాల్. నువ్వు పాలకేంద్రంలో డబ్బాలు మోసిన రోజుల్లో నీతో పనిచేసిన ఆ పొడుగాటి మనిషే. భుజం ఎముక విరిగింది, ప్రాణానికేం భయం లేదన్నారు. వాల్దీవియాలో చెల్లెలింటికి తీసుకుపోయారు. మన కుక్క మాత్రం రెండు రోజులు పండగ చేసుకుంది.

నోల్బెర్తోని నేనేమీ అనను. నెమ్మదస్తుడు. తప్పంతా ఆ మాన్సానో మలుపుది. దాన్ని వేసినవాడెవడో గాని, పగవాడి ఇంటికి దారి వేసినట్టు వేశాడు. ఒకవైపు గట్టు అడ్డం, దాని మీద నీలగిరి చెట్లు. ఎదురుగా వచ్చేది మీద పడేదాకా కనిపించదు. రోడ్డేమో బయటికి ఒరిగి ఉంటుంది, వానపడితే లారీలు వాటంతటవే మా కంచె వైపు జారతాయి. ‘మలుపు ఉంది, నెమ్మది’ అనే బోర్డు మలుపు దాటాక పెట్టారు. స్కూలు బస్సు ఆగే చోటు సరిగ్గా ఆ మలుపు కడుపులో.

నా కూతురు చేపల ఫ్యాక్టరీ పనికని పుయెర్తో మోంత్ వెళ్ళినప్పటి నుంచీ రొసాల్బా నా దగ్గరే ఉంటోంది కదా. ఏడేళ్ళ పిల్ల. రోజూ ఆ బస్సు దిగి రోడ్డు దాటి ఇంటికి రావాలి. పోయిన నెల దుంగల లారీ ఒకటి అద్దంతో దాని సంచీని కొట్టుకుంటూ పోయింది. సంచీ ఎగిరి కాలవలో పడింది, పిల్ల రోడ్డు మీద నిలబడి ఉంది. నేను ఇంటి ముందు రొట్టెలు అమ్మే బల్ల దగ్గర నుంచి చూశాను. ఆ లారీవాడు ఆగలేదు సరికదా, పిల్లదే తప్పన్నట్టు హారన్ కొట్టి పోయాడు.

అందుకే పాల లారీ పడ్డాక ఒసోర్నో వెళ్ళి రోడ్ల ఆఫీసులో అడిగాను. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేశాడు. “ఆ మలుపులో ఇంతవరకు ఎవరైనా పోయారా అమ్మా?” అన్నాడు. దేవుడి దయవల్ల లేదన్నాను. అయితే మనం వరసలో బాగా వెనక ఉన్నామట, మనుషులు పోయిన మలుపులు ముందు బాగుచేస్తారట. మరి వరసలో చోటు కోసం మాలో ఒకరిని ముందుగా పంపించమంటారా అని అడిగి వచ్చేశాను.

నువ్వూ ఆ జాతివాడివే కదా, లారీ తోలేవాడివి. ఏ ఊళ్ళో ఏ పిల్ల సంచీ ఎగరగొడుతున్నావో నాకేం తెలుసు. కాస్త చూసుకుని తోలు.

నీ అక్క,
హెర్మిందా


కలామా,
3 మే 1993

అక్కా,

నీ ఉత్తరం విప్పితే ముందు తిట్లు రాలాయి, ఆ తర్వాత క్షేమ సమాచారాలు. రొసాల్బా సంగతి చదివాను. ఆ దుంగల లారీవాడు దొరికితే నేనే రెండు తగిలిస్తాను. కానీ అందరినీ ఒకే గాటన కట్టకు.

మా బాధ నీకేం తెలుసు? యజమాని సాయంత్రానికి సరుకు చేరాలంటాడు, టైర్లు మాత్రం మార్చడు. ఇక్కడ ఎడారిలో రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. నీకు మలుపు జబ్బు, మాకు మలుపు లేకపోవడమే జబ్బు. గంటల తరబడి చక్రం తిప్పే పనే ఉండదు, కళ్ళు మూసుకుపోతాయి. పైగా గుంటలు. నిన్న ఒక గుంటలో దిగితే నా దవడలు టకటకలాడాయి. ఇంకో ఆచారం ఉంది మా దగ్గర: ముందున్న లారీవాడు ఎడమ దీపం వెలిగిస్తే ‘దారి ఖాళీగా ఉంది, దాటి వెళ్ళు’ అని అర్థం. మర్యాదే. కాకపోతే ఒక్కోడు నిజంగానే ఎడమకి, మేం దాటే వైపుకే, తిరగడానికి వెలిగిస్తాడు. ఎవడు మర్యాదస్తుడో ఎవడు తిరిగేవాడో పక్కకి వెళ్ళాకే తెలుస్తుంది.

నిజం చెప్పనా? బోర్డు పెట్టినా మేం వినం. బోర్డు పెట్టేది ఆఫీసువాడు, వాడు లారీ తోలడు. అదే దారి పక్కన చనిపోయినవాడి గూడు కనిపించిందనుకో, కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. తెల్లటి బుల్లి ఇల్లు, రేకు కప్పు, లోపల కొవ్వొత్తి. ఎవడో మనలాంటివాడే అక్కడ పోయాడని ఒళ్ళు జలదరిస్తుంది. టోపీ తీసి, ఒకసారి హారన్ కొట్టి, నెమ్మదిగా దాటుతాం. అడిగితే ఆ పోయినవాళ్ళు పనులు కూడా చేసిపెడతారు. దోవలో ఒకావిడ గూడు ఉంది, నా పంటినొప్పి తగ్గించింది. నువ్వు నమ్మవని తెలుసు, నవ్వుకో.

నోల్బెర్తోని అడిగానని చెప్పు. డబ్బాలు మోసేటప్పుడు నా వంతు కూడా తనే మోసేవాడు.

ఎవరి సంచీనీ ఎగరగొట్టని నీ తమ్ముడు,
ఎలియేసర్


కోయ్‌వే,
14 జూన్ 1993

ఒరేయ్ ఎలియేసర్,

ఈ ఉత్తరం చదివాక ఎవరికీ చూపించకు. తప్పు నీదే, ఆ గూడు సంగతి నువ్వే రాశావు.

మొత్తానికి నేనొక గూడు పెట్టాను. మలుపు ముందు, బస్సు ఆగే చోటికి అవతల, లారీలవాళ్ళకి దూరం నుంచే కనిపించేలా. నువ్వు చిన్నప్పుడు స్కూల్లో చేసి తెచ్చిన కోడిపెట్టె గుర్తుందా? తలుపు వంకరగా పెట్టావని నాన్న ఎంత నవ్వాడో. అదే. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసిన ఆ పెట్టెకి సున్నం వేసి, పాత రేకు కప్పి, పైన శిలువ బిగించి, లోపల కొవ్వొత్తి వెలిగించాను. పేరు రాయలేదు. ఎవరూ పోలేదు కదా, ఎవరి పేరు రాస్తాను? ముందు ఫాదరుకి చెప్పి చేద్దామనుకున్నాను గాని, ఆయన వద్దంటే మానేయాల్సి వస్తుందని చెప్పలేదు.

నువ్వు చూసి తీరాలి. అదే లారీలు, అదే మొండి మొహాలు, గూడు కనిపించగానే బడికొచ్చిన పిల్లల్లా నెమ్మదిస్తున్నాయి. దుంగల లారీలు కూడా. రొసాల్బా రోడ్డు దాటుతుంటే నా చేతిలో పిండి చేతిలోనే ఉంటుంది ఇప్పటికీ, కానీ ఇదివరకంత గుండెదడ లేదు.

ఒక్కటే చిక్కు వచ్చింది. పాల లారీ పడటం అందరూ చూశారు, ఆ తర్వాత గూడు చూశారు. రెండూ కలిపి నోల్బెర్తో పోయాడని తేల్చేశారు. మొన్న ఎవరో ఒక రాయి తెచ్చి పెట్టారు: ‘దోన్ నోల్బెర్తో, నీ ఆత్మకి శాంతి’. నిన్న ఇంకొకరు పలక తగిలించారు: ‘కోరిక తీర్చినందుకు కృతజ్ఞతలు’. ఏం కోరికో, ఎలా తీరిందో. ఆ మనిషి వాల్దీవియాలో చెల్లెలు చేసిన సూపు తాగుతూ ఉండి ఉంటాడు. ఒకరిద్దరితో బతికే ఉన్నాడని చెప్పబోయాను. అంత నమ్మకంగా కొవ్వొత్తి వెలిగిస్తున్నవాళ్ళ మొహం చూసి నోరు రాలేదు. అదీగాక, చెప్తే మళ్ళీ అదే వేగంతో వస్తారు.

పాపమే అంటావా? అంటే అను. నాకు రొసాల్బా బతికుండటం కావాలి.

అబద్ధాలకోరు,
నీ అక్క


ఇకీకె,
20 జులై 1993

అక్కకి,

కలామాలో నా మకాం లేదు, రెండు నెలలుగా ఇకీకె రేవు నుంచి సరుకు తోలుతున్నాను. ఉత్తరాలన్నీ అక్కడ నేనుండే అద్దె ఇంటి యజమానురాలు సునీల్దా దాచి ఉంచుతానంది, తిరిగి వెళ్ళాకే చదువుతాను. నువ్వు రాసినవి చూడలేదని కోపం తెచ్చుకోకు.

ఒక మాట అడుగుతాను, నోల్బెర్తో పోయాడని అక్కడున్న ఉత్తరాల్లో రాశావా, లేక రాయనే లేదా? దారిలో ఒక పూటకూళ్ళ ఇంట్లో ఒసోర్నో వైపు లారీ తోలేవాడు కలిశాడు. మాన్సానో మలుపు దగ్గర పాల లారీ నోల్బెర్తోకి గూడు వెలిసిందనీ, మహిమ గల ఆత్మ అనీ, తన తమ్ముడికి ఉద్యోగం వేయించాడనీ చెప్పాడు. అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ప్రాణానికేం భయం లేదని కదా రాశావు, తర్వాత ముదిరిందన్నమాట.

అదే మధ్యాహ్నం జరిగింది. ముందు రోజు నిద్ర లేదు, యజమాని తొందరపెట్టాడు. తిన్నటి రోడ్డు, ఎండ. ఎప్పుడు కళ్ళు మూశానో తెలియదు. చెవి పక్కనే పెద్దగా హారన్ వినిపించింది. కళ్ళు తెరిచేసరికి లారీ రోడ్డు దిగి కంకర మీద పోతోంది, ముందు లోయ అంచు. ఎలా తొక్కానో బ్రేకు, అంచుకి కాస్త ఇవతల ఆగింది. దిగి చూస్తే ముందూ లేదు, వెనకా లేదు, కనుచూపు మేర ఇంకో బండి లేదు. ఆ హారన్ ఎవరు కొట్టారక్కా?

నాకు తెలుసు ఎవరో. బతికున్నప్పుడు నా డబ్బాలు మోసినవాడే. అక్కడే కంకర మీద మోకాళ్ళ మీద కూర్చుని మొక్కుకున్నాను: ఇక నిద్ర లేకుండా చక్రం పట్టుకోను, ఎవడు అరిచినా ఎనభై దాటను, ఈ లారీ పాత నంబరు ప్లేటు తెచ్చి నీ గూటికి తగిలిస్తాను, నోల్బెర్తో అని. యజమానికి చెప్పేశాను కూడా. ముందు అరిచాడు, తర్వాత మిగతా డ్రైవర్లూ నా పక్కన నిలబడేసరికి నోరు మూశాడు. వాళ్ళందరికీ నోల్బెర్తో కథ చెప్పాను.

వేసవిలో వస్తాను. అప్పటిదాకా నా తరఫున ఒక కొవ్వొత్తి వెలిగించు.

బతికి బయటపడ్డ
ఎలియేసర్


కోయ్‌వే,
6 ఆగస్టు 1993

నా తమ్ముడికి,

నీ ఉత్తరం పొయ్యి ముందు కూర్చుని చదివాను. లోయ అంచు అన్న చోటికి వచ్చాక అక్షరాలు కనిపించలేదు. దేవుడు చల్లగా చూశాడు. రోజూ నిద్రపో. యజమాని కాదు గదా ఎవరొచ్చి చెప్పినా నిద్రపో.

మొక్కు మంచి మొక్కు, ఎనభై దాటకు. ఇక ప్లేటు సంగతి, అంత దూరం నుంచి మోసుకురావడం ఎందుకు? అక్కడే దారిలో నీ పంటినొప్పి తగ్గించినావిడ గూడు ఉందిగా, అక్కడ తగిలించినా చేరాల్సినవాళ్ళకి చేరుతుంది. ఇక్కడ వానలకి ఇనుము తుప్పు పడుతుంది.

ఇంకో చిన్న మాట. కలామాలో నేను జూన్‌లో రాసిన ఉత్తరం ఒకటి ఉంటుంది. అందులో ఏమీ లేదు, కాలీఫ్లవర్ ఊరగాయ ఎలా పెట్టాలో రాశాను. చదవకుండా పొయ్యిలో పడెయ్యి.

రొసాల్బాకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నీకు ముద్దులు పంపింది.

అక్క


కలామా,
22 సెప్టెంబరు 1993

హెర్మిందా,

ఊరగాయ ఉత్తరం చదివాను.

పద్దెనిమిదో తారీఖు జాతీయ పండగకి ఊరంతా మాంసం కాల్చుకుని డాన్సులు చేస్తుంటే నేను గదిలో ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. నేను ఎవరికి మొక్కుకున్నాను? కోడిపెట్టెకా? కంకర మీద మోకాళ్ళు చీరుకుపోయేలా కూర్చుని బతికున్నవాడి ఆత్మకి దండం పెట్టాను. ఈ దారిలో లారీ తోలేవాళ్ళందరికీ చెప్పాను. ఒకడు నోల్బెర్తో పేరు లారీ ముందు రాయించుకున్నాడు. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పమంటావు, మా అక్క సున్నం వేసిన పెట్టె అనా?

నేను నమ్మేవాటిని చూసి నువ్వు ఎప్పుడూ నవ్వేదానివి. నవ్వు, సరే. కానీ దాంతో ఆట ఆడతావనుకోలేదు. పోయినవాళ్ళు నిజంగా ఉన్న గూళ్ళు దాటుకుంటూ రోజూ పోతాను నేను. వాళ్ళలో నా స్నేహితులు ఉన్నారు.

మరి ఆ హారన్ ఎవరు కొట్టారు? అది చెప్పు ముందు.

ఎలియేసర్


కోయ్‌వే,
17 అక్టోబరు 1993

ఎలియేసర్,

తిట్టు, పడతాను. నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. నీ స్నేహితుల గూళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. నా పిల్ల గురించి తప్ప ఇంకేదీ ఆలోచించలేదు. నిన్ను మోసం చేయాలని కాదు, ముందు నీకే కదా రాశాను. ఊరగాయ అని బొంకినందుకు మాత్రం సిగ్గుపడుతున్నాను.

జరిగింది చెప్పనివ్వు, తర్వాత నీ ఇష్టం.

ఆగస్టు చివర్లో నోల్బెర్తో బస్సు దిగాడు. భుజం అతుక్కుంది, పని వెతుక్కుందామని వచ్చాడు. దిగిన చోటే కొవ్వొత్తులు, పూలు, తన పేరున్న రాయి. కాసేపు ఆ రాయి మీదే కూర్చున్నాడు. తర్వాత మొహం పాలిపోయి నా బల్ల దగ్గరికి వచ్చి, వేడి రొట్టె అడిగి, అది చేతిలో పట్టుకుని, “నేను ఎప్పుడు పోయాను హెర్మిందమ్మా?” అన్నాడు. అన్నీ చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను. రొట్టె అంతా తిన్నాడు, ఇంకోటి అడిగాడు. నీ గురించి చెప్పాను, లోయ గురించి కూడా. తను ఏమీ చేయకుండానే ఇంతమందికి పనికొస్తుంటే ఏదైనా చేస్తే ఇంకా బాగుంటుంది కదా అన్నాడు.

మర్నాటి నుంచి పిల్లల బస్సు వచ్చే వేళకి ఎర్రగుడ్డ పట్టుకుని మలుపులో నిలబడుతున్నాడు. పోయినవాడు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడితే ఎవడు ఆగడు, నువ్వే చెప్పు. మొదటి రోజు దుంగల లారీ ఒకటి ఎంత గట్టిగా ఆగిందంటే, తోలినవాడు దిగి వచ్చి నోల్బెర్తో భుజం పట్టుకుని చూశాడు, విరిగిన వైపే. ఇప్పుడు బతికే ఉన్నాడని అందరికీ తెలుసు. తెలిసినా మానలేదు. గూటి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, వచ్చి నోల్బెర్తోతో చెయ్యి కలిపి, నా దగ్గర రొట్టె కొనుక్కుని పోతున్నారు.

చిక్కేమిటంటే, కొవ్వొత్తి కోసం లారీలన్నీ మలుపులోనే ఆపుతున్నారు. ఒక శనివారం ఇటు లారీలు, అటు లారీలు, మధ్యలో ఆవుల లారీ ఇరుక్కుని ఊరంతా అరుపులు. మనుషులు పోతారని చెప్తే రాని ఆఫీసువాళ్ళు, లారీలు కదలడం లేదనేసరికి వచ్చారు. ఒక ఇంజనీరమ్మ, పసుపు కోటు, వానలో తడిసి ముద్దయింది. ఇక్కడ మరణం నమోదు కాలేదే, ఈ గూడు ఎవరిది, ఎవరు పోయారని అడిగింది. అందరూ నా వైపు చూశారు. నేను పిండి వైపు చూశాను.

“నేనేనమ్మా,” అన్నాడు నోల్బెర్తో, నోట్లో రొట్టె నములుతూ.

ఆవిడ అతన్ని చూసింది, గూటిని చూసింది, నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. అప్పుడు నేను బయటికి వచ్చి అంతా నేనే చేశానని ఒప్పుకున్నాను. జైల్లో పెడతారేమో, రొసాల్బాని ఎవరికి అప్పగించాలా అని కూడా అనుకున్నాను. ఆవిడ నా బల్ల మీద ఆపిల్ పండు ఒకటి తీసుకుని రోడ్డు మధ్యలో పెట్టి వదిలింది. అది దొర్లుకుంటూ బయటివైపు పోయి, మా కంచె కింద నుంచి దూరి, దుంపల మడిలో పడింది. మలుపులో రోడ్డు లోపలికి వాలాలట, ఇది బయటికి వాలిందట. ఎవరూ పోనవసరం లేదు, ఈ పండు చాలు అంది. ఇన్నేళ్ళూ మేం నోటితో మొత్తుకున్నది ఒక పండు చెప్పింది.

ఇక నీ ప్రశ్న. హారన్ ఎవరు కొట్టారో నాకు తెలియదురా. తెలుసని చెప్తే మళ్ళీ అబద్ధం అవుతుంది. నాకు తెలిసింది ఒకటే. రోజూ పొద్దున్నే రొట్టెలు పొయ్యిలో పెట్టి ఇక్కడ నిలబడి దారిన పోయే ప్రతి లారీవాడినీ నోరారా తిడతాను. తిట్టి తిట్టి చివరికి, వీళ్ళలాంటివాడే మా వాడూ ఒకడున్నాడు ఎడారిలో, వాణ్ణి కాపాడు అనుకుంటాను. నువ్వు ఉత్తరాదికి వెళ్ళిన దగ్గర నుంచీ ఒక్కరోజు మానలేదు. ఇది నీకెప్పుడూ రాయలేదు, నవ్వుతావని.

కోడిపెట్టెకి మొక్కావని బాధపడకు. పెట్టె నువ్వు చేసిందే. ఆ మొక్కు వల్ల నువ్వు నిద్రపోతున్నావు, నీతో ఉన్నవాళ్ళూ నిద్రపోతున్నారు. దాన్ని మాత్రం నా మీద కోపంతో వదిలెయ్యకు. ఈ అక్కతో మాట్లాడకపోయినా సరే.

నీ జవాబు కోసం చూసే
హెర్మిందా


కోయ్‌వే,
28 నవంబరు 1993

తమ్ముడూ,

జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను.

గట్టు తవ్వడం మొదలుపెట్టారు. నీలగిరి చెట్లు కొట్టేశారు, ఇంటి ముందు నుంచి చూస్తే ఇప్పుడు చర్చి గంట దాకా కనిపిస్తోంది. అంత వెలుగు ఎలా భరించాలో కోళ్ళకి తెలియడం లేదు. బోర్డు మలుపుకి ముందు పాతారు. పాతినవాడు దాన్ని మొదట తిరగేసి పాతాడు, నోల్బెర్తో చెప్తే సరిచేశాడు. అతనికి పనివాళ్ళతో పాటే ఎర్రజెండా పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. మధ్యాహ్నం మా ఇంట్లోనే తింటున్నాడు. ఎక్కువే తింటాడు.

నీ మేజోళ్ళు వేసుకునే రాస్తున్నాను.

అక్క


కలామా,
19 డిసెంబరు 1993

అక్కా,

నాకు కోపం త్వరగా రాదు, వస్తే త్వరగా పోదు. అమ్మ పోలిక అని నువ్వే అంటావు.

మొక్కు వదల్లేదు. ఎనభై దాటలేదు. మా వాళ్ళకి నిజం చెప్పేశాను, పూటకూళ్ళ ఇంట్లో అందరి ముందూ. వెక్కిరిస్తారని సిద్ధపడే చెప్పాను. కాసేపు వెక్కిరించారు. లారీ ముందు నోల్బెర్తో పేరు రాయించుకున్నవాడు మాత్రం, బతికున్నవాడైతే ఇంకా నయం, వెళ్ళి చెయ్యి కలపొచ్చు అన్నాడు. పేరు చెరపలేదు.

మార్చి మొదట్లో దక్షిణానికి సరుకు ఉంది. నేనే అడిగి వేయించుకున్నాను. మధ్యాహ్నం పూట ఇంటికొచ్చి తినే మనిషి గురించి అప్పుడు వివరంగా మాట్లాడదాం. పోయినవాళ్ళకి అంత ఆకలి ఉంటుందని నాకు తెలియదు.

ఎలియేసర్


లోస్ ఆంహెలెస్, దారి మధ్యలో,
11 మార్చి 1994

అక్కా,

లారీ ఆపుకుని రాస్తున్నాను. నిద్ర వచ్చింది, పడుకుని లేచాను, ఇప్పుడు మొహం కడుక్కుని నీకు రాయాలనిపించింది. నీ ముందు ఉన్నప్పుడు చెప్పలేకపోయినవి ఉన్నాయి.

నేను వచ్చిన రోజు సంగతి. కొత్తగా వేసిన తారు మొదలవగానే గూడు కనిపించింది. నా వంకర తలుపు అంత దూరం నుంచే గుర్తుపట్టాను. కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. అందులో ఎవరూ లేరని తెలుసు, పెట్టె నా చేత్తో చేసిందని తెలుసు, అయినా వచ్చింది. అప్పుడే ఎర్రజెండా లేచింది. నోల్బెర్తో నన్ను గుర్తుపట్టలేదు, గడ్డం పెంచాను కదా. ఆపాడు. బస్సు అవతల తిన్నటి చోట ఆగింది, పిల్లలు దిగి నా లారీ ముందు నుంచి దాటారు. చివర్న రొసాల్బా. కొత్త పళ్ళు వచ్చాయి, పాత సంచీయే. నా వైపు చూడకుండానే ఆగినందుకు చెయ్యి ఊపి, గంతులేస్తూ ఇంట్లోకి పోయింది.

స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చుండిపోయాను. వెనకున్నవాడు హారన్ కొడుతున్నాడు, నోల్బెర్తో జెండా ఊపుతున్నాడు, నేను కదల్లేదు. ఏడుస్తున్నాను అక్కా. ఏ లారీవాడైనా ఆ పిల్ల ముందు ఆగాల్సిందే కదా, ఆ రోజు ఆ లారీవాణ్ణి నేనయ్యాను. నీ మీద ఇంకా ఏ మూలో మిగిలిన కోపం అక్కడే దిగిపోయింది.

ప్లేటు తగిలించేటప్పుడు నువ్వు అడ్డు చెప్పలేదు, అందుకు సంతోషం. నోల్బెర్తో మేకులు పట్టుకున్నాడు. నాకోసం మేకులు పట్టుకున్న ఆత్మ ఇంతకుముందు లేదు. మంచివాడు, రొట్టె కాస్త తక్కువ పెట్టు, లేకపోతే కొత్త కంచె గేట్లో పట్టడు. మిగతాది మీ ఇద్దరూ మాట్లాడుకోండి, నన్ను పిలవడం మాత్రం మర్చిపోవద్దు.

నేను బయల్దేరే ముందు ఇంజనీరమ్మ అడిగింది గుర్తుందా, పని పూర్తయింది కదా, ఇక గూడు తీసేయమంటారా అని. నువ్వు నా వైపు చూశావు. ఏం చెప్పాలో అప్పుడు తోచక ఉంచమన్నాను. ఎందుకో ఈ దారిలో తెలిసింది.

మన దగ్గర నుంచి బయల్దేరి ఇక్కడిదాకా ప్రతి గూటికీ హారన్ కొడుతూ వచ్చాను. వంతెన దగ్గర తల్లీ కూతురు. టోల్ గేటు దాటాక ఒక సైకిలు కుర్రాడు, వాడి సైకిలు చక్రం ఇంకా అక్కడే వేలాడుతోంది. చెరుకు రసం రంగు గూట్లో నా తోటి డ్రైవరు ఒకడు. ప్రతిదాంట్లో ఎవరో ఒకరున్నారు. ఉత్తరాది దాకా అంతే, ఇంత పొడుగు దేశంలో ఖాళీగా ఉన్న గూడు మనదొక్కటే.

అందుకని దాన్ని ఉంచు. ఏటా వానలు తగ్గాక సున్నం వెయ్యి, కొవ్వొత్తి వెలిగించు. తలుపు మాత్రం సరిచెయ్యకు, అది నాన్న నవ్విన తలుపు. ఎవరైనా వచ్చి ఇందులో ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరని నిజమే చెప్పు. ఇక మన పని అది ఖాళీగా ఉండేలా చూసుకోవడమే.

ఎనభై దాటని నీ తమ్ముడు,
ఎలియేసర్